బండి నిండితేనే కదిలేది

"మూడు నిమిషాల్లో బండి నిండలేదా, ఎక్కినవాళ్లంతా దిగిపోతారు. అదే ఆటకి ప్రాణం!" అంది పొకువా.

"ట్రోట్రో బండికి గడియారమేంటే? నిండితే కదుల్తుంది, నిండకపోతే నిలబడుతుంది. కుమాసీలో పుట్టి పెరిగావు, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు జాంఫీ.

వాళ్లమ్మ సెర్వా వేరుశనగ పులుసు కలుపుతున్న గరిటెతోనే వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

అన్నాచెల్లెళ్లు ఆర్నెల్లు కూర్చుని ట్యాబులో ఆడేలా తయారుచేసిన ఆట అది. కెజేటియా స్టాండులో వ్యాను నిండా జనాన్ని ఎక్కించి తాఫోకి పంపాలి. ఆటకి గడువు పెట్టాలని చెల్లెలు, పెడితే చెడుతుందని అన్న. ఆటని చెరో రకంగా చేసుకుని మూడు వారాలుగా మాటలు మానేశారు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికల్లా అక్రాలో జరిగే పోటీకి పంపాలి. ఒక్కటే పంపాలట.

సెర్వాకి పోటీ గురించి బెంగ లేదు. ఈ గొడవ ముదిరి పిల్లలు చెరో ఊరూ పోతారేమో, రేపు తను పోతే శవం దగ్గర కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోరేమో అన్నదే ఆమె బెంగ. తన అంత్యక్రియలకి వేసిన పందిట్లో ఎవరు ఏ మూల కూర్చుంటారో కూడా ఇప్పటికే రెండుమూడుసార్లు ఊహించుకుని ఏడ్చింది.

"అమ్మ చేత ఆడిద్దాం," అంది పొకువా ఉన్నట్టుండి. "రెండూ ఆడుతుంది. ఏది బాగుందంటే అదే పంపుదాం."

"సరే. నాది ఆడేటప్పుడు నువ్వు బయటుండాలి."

"నాది ఆడేటప్పుడు నువ్వూ అంతే."

"నేనా?" అంది సెర్వా. "ఆ ట్యాబు చేతిలో పేలదు కదా? పక్కింటావిడ చెల్లెలి ఫోను సంచీలోనే..."

"పేలదమ్మా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారిగా. మూడు వారాల్లో వాళ్లు కలిసి అన్న మాట అదొక్కటే. సెర్వాకి కళ్లు చెమర్చాయి.

ముందు జాంఫీ ఆట. "నిదానంగా ఆడమ్మా. దీంట్లో గడియారం లేదు, తొందర లేదు," అన్నాడు.

సెర్వా నిదానంగానే ఆడింది. మేకతో వచ్చినాయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టింది. గంప నెత్తిన పెట్టుకున్నావిడ అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంటే ఆగింది. మధ్యలో లేచి వెళ్లి పులుసు రుచి చూసొచ్చింది. పావుగంటకి పద్నాలుగు సీట్లలో ఐదు నిండాయి.

"బాగుంది నాన్నా, చల్లగా ఉంది. తక్కినవాళ్లు వచ్చేలోపు ఓ కునుకు తియ్యనా?"

జాంఫీ మొహం చిన్నబోయింది. లేచి బయటికి వెళ్లాడు.

పొకువా పరుగున లోపలికొచ్చి తలుపేసి, ట్యాబు అటూ ఇటూ నొక్కి తల్లి చేతిలో పెట్టింది. "మూడే నిమిషాలమ్మా! మొదలు!"

"గడియారం ఎక్కడే? నాకు కనబడదేం?"

పొకువా తెరమీదికి వంగి చూసింది. "దాన్ని చూడకు! జనాన్ని చూడు! టైమైపోతోంది!" అని కేకపెట్టింది.

అంతే. సెర్వా గరిటె పైకెత్తి అరవడం మొదలుపెట్టింది.

"తాఫో! తాఫో! తాఫో! ఏవయ్యా మేకాయనా, దాన్ని ఒళ్లో పెట్టుకో! దానికో సీటు, నీకో సీటా?"

"అమ్మా, వాళ్లకి నీ మాట వినబడదు!"

"మరి ఎక్కుతున్నారేం? పాస్టరుగారూ, ప్రార్థన బండెక్కి చేసుకోండి! ఏమ్మా గంపావిడా, ఊరేగింపా? నడు, నడు! ఎంతుందే టైము?"

"అడక్కు! ఇంకా ఆరుగురు!"

సెర్వా స్టూలెక్కింది. తలగుడ్డ జారి మెడలో పడింది. ఒక చెప్పు ఎగిరి కిటికీలోంచి బయటికి పోయింది. ఆ వెంటనే పక్కింటావిడ తల కిటికీలో కనబడింది.

"ఏమైంది సెర్వా? దొంగా?"

"బండి నిండట్లేదమ్మా!"

"ఏ బండి?"

"తాఫో బండి!"

"అయితే నాకో సీటు ఉంచు, మా మరిది ఇంటికెళ్లాలి!"

పద్నాలుగో సీటు నిండింది. హారన్ మోగింది. తెరంతా రంగు కాగితాలు రాలాయి. సెర్వా స్టూలు దిగకుండానే గరిటె ఊపుతూ గంతులేసింది. ఏ ప్రమాదం జరిగిందోనని జాంఫీ తలుపు తోసుకొచ్చాడు.

"ఇదిరా ఆటంటే!" అంది సెర్వా రొప్పుతూ. "నాలుక పిడచకట్టింది, కాళ్లు వణుకుతున్నాయి, ప్రాణం హాయిగా ఉంది! గడియారం ఉండాల్సిందే!"

జాంఫీ కాసేపు తల్లినీ, స్టూలునీ చూశాడు. తరవాత పకపకా నవ్వేశాడు. "గెలిచావే పిల్లా. అమ్మని స్టూలెక్కించావంటే ఇంకేం మాట్లాడను?" తెరమీదున్న ఆటని ఉన్నదున్నట్టు అక్రాకి పంపేశాడు. అప్పటికి రెండు కావడానికి పది నిమిషాలుంది. చెల్లెలి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, వేయించిన అరటిముక్కలు తెస్తానంటూ వీధిలోకి పోయాడు.

పందిట్లో పిల్లలిద్దరూ పక్కపక్కనే కూర్చుని తన కోసం ఏడుస్తున్నట్టు కనబడింది సెర్వాకి. ఎంత హాయిగా ఉందో!

వెనక్కి తిరిగి చూస్తే పొకువా మొహం చేతుల్లో దాచుకుని కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏమే? ఛాతీలో నొప్పా? జ్వరమా?"

"కాదమ్మా. అన్నయ్యకి చెప్పనని ఒట్టు వెయ్యి."

"దేవుడా! ఎవడే ఆ అబ్బాయి?"

"అబ్బాయి లేడు, పాడూ లేదు!" పొకువా చేతులు తీసింది. ఏడుపు కాదు, నవ్వు. ఆపుకోలేక కళ్లలో నీళ్లొచ్చేస్తున్నాయి.

"రెండోసారి కూడా పొరపాటున నీకు అన్నయ్య ఆటే ఇచ్చానమ్మా."