మూడో కుర్చీలో ముఖం

తెర లేచిన రెండు నిమిషాలకే, కోడలి వేషం వేసిన కొత్తమ్మాయి ఆ ముఖాన్ని చూసింది.

ముందు వరుసలో మూడో కుర్చీ. ఒక ముసలాయన. కనుబొమ్మలు ముడిపడి ఉన్నాయి. పెదాలు ఏదో గొణుగుతున్నాయి.

హాలు నిండా నవ్వులే. అయినా ఆమె కళ్లు తిరిగి తిరిగి ఆ ఒక్క ముఖం మీదే వాలుతున్నాయి. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్లి ఫోటోలో వందమంది నవ్వుతున్నా, మొహం మాడ్చుకున్న మేనత్త ఎక్కడుందో ముందు ఆమెకే కనిపిస్తుంది.

రెండుసార్లు మాట మరిచిపోయింది. రెండుసార్లూ బెదురుగా ఆ ముఖం వైపు చూసింది, ఎలాగో మాట అందుకుంది.

విరామంలో, అత్త వేషం వేసినావిడ అద్దం ముందు పౌడరు అద్దుకుంటోంది.

"అక్కా, ముందు వరుసలో ఒకాయన నన్నే తిట్టుకుంటున్నాడు."

"ఎవరే? నాకక్కడ పగలబడి నవ్వుతున్న లావుపాటావిడ తప్ప ఎవరూ కనపళ్లేదు."

"నీకెప్పుడూ నవ్వేవాళ్లే కనిపిస్తారు."

"నీకెప్పుడూ చిరాకుపడేవాళ్లే. వదిలెయ్."

"చివరి రంగంలో అంత పొడుగు మాట నాదేగా. ఆయన ఎదురుగా ఉంటే నావల్ల కాదు. ఇవాళ తప్పితే నాకు మళ్లీ వేషం ఇవ్వరక్కా."

వెళ్లి గేటు దగ్గరి మనిషిని బతిమాలింది. అతను ముందు వరుస దగ్గరికి వెళ్తుంటే తెర సందులోంచి చూస్తూ నిలబడింది.

"పెద్దాయనా, కోడలి వేషం వేసినమ్మాయి మిమ్మల్ని చూసి భయపడుతోందట. కాస్త వెనక్కి వెళ్లి కూర్చుంటారా?"

ముసలాయన వేదిక వైపు ఒకసారి చూశాడు. తల ఊపి లేచాడు. చేతికర్ర తీసుకుని బయటికే నడిచాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

చివరి రంగం. పొడుగు మాట ధీమాగా మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది.

కళ్లు మూడో కుర్చీకి వెళ్లాయి. కుర్చీ ఖాళీగా ఉంది.

హాలంతా నిశ్శబ్దం. అత్త ఏదో కల్పించి మాట్లాడి, ఎలాగోలా తెర దించేలా చేసింది.

నాటకం ఆడించిన గురువుగారు లోపలికొచ్చారు.

"మొదట్లో బాగానే లాక్కొచ్చావు కదమ్మా, చివర్లో ఏమైంది? మూడో కుర్చీలో ఆయనేరి?"

"నేనే పంపించేశానండీ. కోపంగా చూస్తుంటే..."

"కోపమా? చూపు ఆనక కళ్లు చిట్లిస్తారమ్మా. కొత్తపిల్ల, ఎదురుగా ఉంటానని అడిగి మరీ కూర్చున్నారు."

కదులుతున్న ఆ పెదాలు ఆమెకు గుర్తొచ్చాయి. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఎవరండీ ఆయన?"

"ఆపరేషనై గొంతు పోయింది గానీ, ముప్పై ఏళ్లు ఈ నాటకానికి తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్లకి మాటలందించింది ఆయనే."