మామ చేసిన వాలుపెట్టె

“కాస్త వాలు తగ్గించు బాబూ. నీళ్లు అంత ఉరుకులు పెడితే బంగారం కూడా వాటి వెంటే పోతుంది,” అన్నాడు మామ.

అల్లుడు పెట్టె కింది ఇటుకముక్క తీసేశాడు. పెరట్లో కుళాయికి గొట్టం తగిలించి ఇద్దరూ పెట్టెను పరీక్షిస్తున్నారు. పాత రేకును మడిచి చేసిన పొడుగాటి పెట్టె అది. అడుగున రబ్బరు పట్టా, దానిమీద అడ్డంగా చెక్కపట్టీలు. పైనుంచి ఏటి ఇసుక పోసి నీళ్లు వదిలితే తేలికైనది కొట్టుకుపోతుంది, బరువైనది పట్టీల చాటున ఆగిపోతుంది.

“గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా ఏమైందండీ?” లోపలినుంచి అత్త కేకేసింది.

“బంగారం పట్టడానికి వెళ్లింది.”

“మరి నా జల్లెడ?”

“అదీ దాని వెంటే.”

“ఇంకా నయం, నన్ను పట్టుకెళ్లి అడ్డుపట్టీ చేశారు కాదు!”

ఇలాంటి మాటలకు అల్లుడు పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. మామకు అది ముల్లులా గుచ్చుకుంది.

పనిచేసే అచ్చాఫీసు మూతపడ్డాక అల్లుడు పెళ్లాంతో సహా ఈ ఇంట్లోనే ఉంటున్నాడు. ఆమధ్య చుట్టాలంతా భోజనాలకు కూర్చున్నారు. అల్లుడు రెండోసారి అన్నం వడ్డించుకోబోతుంటే, “పనికి కదలని కాళ్లు కంచం దగ్గరికి మాత్రం అందరికంటే ముందే వస్తాయి,” అన్నాడు మామ. నవ్వులాటకే అన్నాడు. చుట్టాలు నవ్వారు. అల్లుడు గరిటె మళ్లీ గిన్నెలో పెట్టేశాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో అతను మారు వడ్డించుకోలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. జీవితమంతా రేకు కత్తిరించిన ఆ చేతులకు రాని పని లేదు. ఆ నోటికి మాత్రం ‘పొరపాటైంది’ అనడం రాదు. అందుకే, ఏటి ఇసుకలో బంగారు నలుసులు దొరుకుతాయని అల్లుడు ఫోన్‌లో చూసి పెళ్లాంతో చెబుతుంటే విని, మామే కత్తెర తీసుకుని పెరట్లో కూర్చున్నాడు.

“ఏమీ పడకపోతే మామయ్యా?” అన్నాడు అల్లుడు కుళాయి కట్టేస్తూ.

“పడకపోతే తప్పు పెట్టెది. పెట్టె చేసింది నేను. నీకేం సంబంధం లేదు.”

ఆయన చెప్పగలిగిన క్షమాపణ అంతే. అల్లుడు ఆయన ముఖంలోకి ఓసారి చూశాడు.

“పడుతుంది లెండి.”

మర్నాడు అల్లుడు పెట్టె భుజానికెత్తుకున్నాడు. “ఆ ఏటి దారంతా ఇసుక లారీలే. చూసుకుని నడు నాయనా,” అంది అత్త.

మొదట్లో వట్టి చేతులతోనే తిరిగొచ్చాడు. మామకు ముద్ద దిగేది కాదు. పట్టీలు విప్పి మళ్లీ బిగించాడు, పట్టా మార్చాడు. వీధిలో టీకొట్టువాడు, “ఏం పెద్దాయనా, మీ రేకుపెట్టె చేపలైనా పడుతోందా?” అని నవ్వితే తల కొట్టేసినట్టయింది. అల్లుణ్ణి ఒక మాటతో దించింది చాలక, ఇప్పుడు ఏట్లో నిలబెట్టి ఊరందరికీ నవ్వులపాలు చేశాననుకున్నాడు.

ఒక సాయంత్రం అల్లుడు జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. కాగితం మడతలో నలకంత పసుప్పచ్చటి పొడి మెరుస్తోంది.

“ఇత్తడేమోనే!” అంది అత్త.

“ఇత్తడి ఏట్లో పుడుతుందా అమ్మా!” అంటూ కూతురు మొగుడి ముఖంలోకి చూసి నవ్వింది.

“అంతా మామయ్య పెట్టె చలవ,” అన్నాడు అల్లుడు.

అది మొదలు రోజూ పొట్లం వచ్చేది. మందుసీసాలో పోసి దాచేవారు. అల్లుడి అరచేతులు బొబ్బలెక్కాయి, భుజం కమిలిపోయింది, తల దులిపితే ఇసుక రాలేది. “ఓ రోజు నేనూ వస్తాను,” అంటే, “వద్దు మామయ్యా, ఒడ్డంతా జారుడు,” అనేవాడు. ఒకనాడు మామే గరిటె తీసుకుని అతని కంచంలో రెండోసారి అన్నం పెట్టాడు. అల్లుడు కాదనకుండా తిన్నాడు. మామ ముఖం తిప్పుకున్నాడు గాని, అనాల్సిన మాట అప్పుడూ గొంతు దాటలేదు.

సీసా అడుగు నిండాక ఆయనకో ఆలోచన వచ్చింది. దానితో కూతురికి కమ్మలు చేయించాలి. ఆ చుట్టాలందరినీ మళ్లీ పిలవాలి. వాళ్ల ముందే ఆ మాట అనేయాలి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సీసా జేబులో వేసుకుని, ‘పొరపాటైంది బాబూ, పొరపాటైంది’ అని దారిపొడవునా గొణుక్కుంటూ కంసాలి కొట్టుకు చేరాడు.

కంసాలి పొడిని కాగితం మీద ఒంపి భూతద్దంతో చూశాడు.

“ఎక్కడిదండీ ఇది?”

“ఏటిది. మా అల్లుడు పట్టాడు. పెట్టె నేనే చేశాను.”

“బంగారమే గాని ఏటిది కాదు. ఆకురాయితో అరగదీసిన పొడి. మా కొట్లోదే.”

మామ చప్పున కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తన మాట పడలేక పిల్లవాడు ఎంతపని చేశాడు! ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. “మీ దగ్గర... ఎత్తుకొచ్చాడా? చేతులు జోడిస్తాను, బయటికి పొక్కనివ్వకండి. వాడిది కాదు, తప్పు నాది. నేనే వాణ్ణి తిండి దగ్గర ఓ మాటన్నాను.”

“అయ్యయ్యో, అదేం మాటండీ!” కంసాలి భూతద్దం కింద పెట్టేశాడు. “ముఖ్యంగా మీకు తెలియకూడదని ఒట్టు వేయించుకున్నాడు.”

“ఏం తెలియకూడదని?”

“పగలంతా ఇసుక లారీలకెత్తి, ఆ కూలితో నా దగ్గరే కొంటాడు.”