ఎందుకక్కడ కామా?

"ఎందుకక్కడ కామా?" అంది అత్తగారు, చొక్కాకు గుండీ కుడుతూ తలెత్తకుండానే.

కామాలతో సహా పైకి చదువుతున్న కోడలు మళ్లీ పుస్తకంలోకి చూసింది. "బికాజ్ ఇట్ రెయిన్డ్, వి స్టేడ్ ఎట్ హోమ్." కామా ఉండాల్సిన చోటే ఉంది.

"అక్కడ పెట్టాలి కాబట్టి, అత్తయ్యా."

"అదా జవాబు? చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు."

కోడలికి ఒళ్లు మండింది. కొత్త కాపురం కాబట్టి తమాయించుకుంది. కొరియర్ ఆఫీసులో ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఇంగ్లీషు పరీక్ష పాసైతేనే పర్మనెంటు. ఒకసారి తప్పింది, ఈసారీ తప్పితే ఇక ఇంట్లో కూర్చోవడమే. "మా అమ్మ దగ్గర కూర్చో. నన్నూ చెల్లినీ ఒడ్డున పడేసింది ఆవిడే" అని భరోసా ఇచ్చి భర్త క్యాంపుకు వెళ్లిపోయాడు.

"'వాన పడ్డందువల్ల' అని ఆగిపోతే, 'అయితే ఏంటి?' అంటారు కదా. అది సగం మాట. సగం మాట ముందొస్తే దాని తర్వాత కామా పెట్టాలి" అని విడమరిచి చెప్పింది కోడలు.

"వెనకొస్తే?"

"అక్కర్లేదు... అనుకుంటా."

"నసుగుతున్నావ్. మళ్లీ చూసి చెప్పు."

చూసింది. నిజంగానే అక్కర్లేదు. ఈసారి గట్టిగా చెప్పింది.

"సరే. సబ్జెక్టంటే?"

"పని చేసేది ఎవరో, అదే సబ్జెక్టు."

"'తలుపు తెరవబడింది' అన్నావనుకో. పాపం, తలుపు ఏం పని చేసింది?"

కోడలు మళ్లీ పుస్తకం అందుకుంది. ఆ సాయంత్రమంతా పేజీలు తిరగేసి, చివరికి సబ్జెక్టంటే వాక్యం ఎవరి గురించో, దేని గురించో అదేనని ఒప్పజెప్పాక గానీ అత్తగారు వదల్లేదు.

"ఒక్క జవాబైనా తనంతట తాను చెప్పరు. అన్నీ నా చేతే కక్కిస్తారు. చెబితే ఆవిడ సొమ్మేం పోతుంది?" అని భర్తతో ఫోనులో వాపోయింది.

"మమ్మల్నీ అలాగే చంపుకు తింది. గట్టెక్కాం కదా!" అని అతను పడీపడీ నవ్వాడు.

పరీక్ష రోజు ప్రతి ప్రశ్న దగ్గరా ఆ గొంతే వినిపించింది. ఎందుకు? ఎందుకలా? చిత్రం, అన్నిటికీ జవాబుంది. రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికించిన ప్రశ్న దగ్గర పోయినసారి బోర్లా పడింది. ఈసారి నవ్వుకుంటూ కామా కొట్టేసి ఫుల్‌స్టాప్ పెట్టింది.

ఫలితాలు మేనేజరు అందరి ముందూ చదివాడు. మొదటి పేరు ఆమెదే. పోయినసారి ఆమెను చూసి ముసిముసిగా నవ్వినవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. కోడలు బస్సు దిగి ఇంటిదాకా పరుగే పరుగు.

"అత్తయ్యా! ఆఫీసు మొత్తానికి నేనే ఫస్టు!"

అత్తగారు చేతిలో పని పక్కన పడేసి కోడల్ని గట్టిగా వాటేసుకుంది. ఆఫీసు వాళ్లు పంపిన అభినందనల మెసేజి తెరిచి, కోడలు ఫోను ఆవిడ చేతిలో పెట్టింది.

"చదవండి. ఇదంతా మీ చలవే."

అత్తగారు కళ్లు తుడుచుకుని ఆ తెరను ఆప్యాయంగా నిమిరింది.

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా, ఇందులో నీ పేరేదో చూపించు."