అర క్రెడిట్ డ్రిల్లు

"కాలేజీ డిగ్రీ ఉంది గానీ హైస్కూలు పాసు కాలేదంటావా? నీకు మతి గానీ పోయిందా డ్వైట్?"

రోండా స్టంఫ్ ఫ్రేము కట్టించిన పట్టాను ప్రిన్సిపాల్ బల్ల మీద టప్పున పెట్టింది. బల్ల మీద కాఫీ ఒలికింది. ప్రిన్సిపాల్ డ్వైట్ హాకిల్‌మన్ ఆమెతో పాటు ఇదే హైస్కూల్లో చదివినవాడే. ఆమె పేపర్లో చూసి లెక్కలు గట్టెక్కినవాడే. ఇప్పుడు మాత్రం రూలంటే రూలే అంటున్నాడు.

ఆమె కూతురు కొరిన్‌కి పద్దెనిమిదేళ్ళు. ఒహాయోలోని ఆ చిన్న ఊళ్ళో హైస్కూలు చదువుతూనే, మూడేళ్ళుగా రోజూ మధ్యాహ్నం బస్సెక్కి పక్క ఊరి కాలేజీకి వెళ్ళి అక్కడి పాఠాలూ చదివింది. మే నెలలో రెండేళ్ళ డిగ్రీ చేతికొచ్చింది. రోండా ఇంటి ముందు గడ్డిలో గరాజు తలుపంత బోర్డు పాతించింది. 'ముందు డిగ్రీ, తర్వాతే హైస్కూలు!' అని దాని మీద కూతురి ఫోటోతో సహా రాయించింది. ఊరంతా వచ్చి కేకు తిని పోయారు.

తీరా చూస్తే హైస్కూలు సర్టిఫికెట్‌కి డ్రిల్లు క్లాసు అర క్రెడిట్ తక్కువైంది. అందరూ బంతులాడే గంటలో ఈ పిల్ల బస్సులో ఉండేది మరి. ఆగస్టులో యూనివర్సిటీలో ఏకంగా మూడో ఏడులో చేరాలి. హైస్కూలు సర్టిఫికెట్ లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని వాళ్ళు రెండు ఉత్తరాలు రాశారు.

"కాలేజీలో టెన్నిస్ క్లాసు చేసిందిగా. ఏ గ్రేడు కూడా వచ్చింది. అది లెక్కలోకి రాదా?"

"రాదు. మన బడి నేల మీదే ఎగరాలి. మన జిల్లా ఒప్పుకున్న టీచరే ఎగిరించాలి."

"ఆ టీచరెవరో తగలడమను. ఈ జూన్‌లోనే ఎగురుతుంది."

డ్వైట్ బట్టతల రుద్దుకున్నాడు. "అక్కడే వచ్చింది చిక్కు. ఒక్కరు అడిగినా వేసవి క్లాసు పెట్టాల్సిందే. కానీ చెప్పేవాళ్ళేరీ? వెర్నన్ మాస్టారు తుంటి విరిగి మంచమెక్కాడు. జిల్లా వెబ్‌సైట్లో ప్రకటన వేసి నెలైంది. ఇదివరకు నాలుగేళ్ళ డిగ్రీ కావాలనేవాళ్ళం, ఇప్పుడు రెండేళ్ళది చాలన్నాం. అయినా ఈగ కూడా వాలలేదు."

"అయితే నేనే చెప్తా! నువ్వు తాడెక్కలేక ఏడుస్తుంటే కింద నుంచి తోసింది ఎవరనుకున్నావ్?"

"నీకా రెండేళ్ళూ లేవుగా రోండా."

రోండా ముఖం ఎర్రబడింది. ఆ రెండేళ్ళ చదువు కోసం ఆమె ఎంత తపించిందో, కడుపు పండి ఎలా మానేసిందో ఇద్దరికీ తెలుసు. పాపం డ్వైట్ నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. కోపమంతా పక్క కుర్చీలో ఫోను నొక్కుతున్న కూతురి మీదికి మళ్ళింది.

"ఇక్కడ నీ సీటు మంటగలిసిపోతుంటే ఆ ఫోనేమిటే? లోపల పెట్టు!"

"అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం," అంది కొరిన్ తలెత్తకుండా. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని అడిగింది. "సార్, జిల్లా ఒప్పుకుందని ఎలా తెలుస్తుంది? మీరేమైనా పరీక్ష పెడతారా?"

"నేనెవర్నమ్మా పెట్టడానికి? జిల్లా ఆఫీసులో కంప్యూటరుంది. అది టీచరంటే టీచరే. దాన్ని కాదనే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"మంచి రూలే," అంది కొరిన్.

"మంచేమిటే నీ మొహం!" అని రోండా పట్టా చంకన పెట్టుకుని లేచింది.

మూడు రోజుల తర్వాత డ్వైట్ ఫోను చేశాడు. "రోండా, నీ అదృష్టం పండింది. ఎవరో దొరికారు. సోమవారం ఎనిమిదింటికి పిల్లని జిమ్ముకి తీసుకురా."

"ఎవరూ?"

"పేరు హాజరు పట్టీలో వస్తుందట. మనిషి మాత్రం గట్టి పిండమే. ఒక్క రోజు మానినా పాసు చెయ్యనని అప్లికేషన్లో రాశారట."

రోండా ఫోను పెట్టేసింది. ఏ మిలటరీ ముసలాడో అయ్యుంటాడనీ, ఈ పిల్లని పరిగెత్తించి చంపుతాడనీ రెండు రోజులు సణిగింది. "ఆయన ఏమన్నా ఎదురు చెప్పకు. నీ నోరు అసలే మంచిది కాదు," అని కూతురికి పదిసార్లు చెప్పింది. కొరిన్ పదిసార్లూ సరేనంది.

సోమవారం ఎనిమిదికి ఐదు నిమిషాలుండగానే తల్లీకూతుళ్ళు జిమ్ములో ఉన్నారు. గోడ మేకుకి వెర్నన్ మాస్టారి విజిల్ వేలాడుతోంది. డ్వైట్ హాజరు పట్టీ పట్టుకుని వచ్చాడు. కొత్త టీచరు పేరు చూద్దామని తెరిచాడు గానీ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు. పట్టీని ముక్కు దాకా తెచ్చి, చేయి చాపినంత దూరం పెట్టి, విసుగొచ్చి మూసేశాడు.

గోడ గడియారం ఎనిమిది కొట్టింది. జిమ్ములో ఆ ముగ్గురు తప్ప ఎవరూ లేరు.

"చూశావా?" రోండా విరుచుకుపడింది. "నా కూతురు టైముకి వచ్చింది. రూలు రూలని నన్ను కాల్చుకు తిన్నారే, మొదటి రోజే మీ టీచరేడీ?"

కొరిన్ మేకుకున్న విజిల్ తీసి మెడలో వేసుకుని, హాజరు పట్టీ కోసం చెయ్యి చాపింది.