చివరి సాలు టమాటలు

గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరి టమాటను ఒక్కసారి కొరికి, మిగతాది గట్టు మీద పెట్టాడు.

భీమయ్యకు ఒళ్లు మండింది. "ఏమయ్యా, పురుగున్నదా?"

"లేదు పటేలా. పులుపు లేదు."

"ఒక్కోటి పిడికిలంత ఉన్నది. ఇంకేం గావాలె?"

"పోయిన నెల ఈ చివరి సాలుల కాయలిచ్చినవు. రేగ్గాయలంత ఉండె. అవి గావాలె."

అప్పుడు ఎద్దుల మోట నీళ్లు అక్కడిదాకా పారేవి కావు. ఇంజను పెట్టించాక చివరి సాలు కూడా నిండుగా తడుస్తోంది. బస్తా మందూ దండిగా చల్లాడు.

"గా పుల్లకాయలు ఎవలు తింటరయ్యా? మా ఇంట్లనే తినేటోళ్లు లేరు."

"మా ఇంటామె తింటది. కడుపుతోటున్నది. రక్తం లేదని దవాఖానల చెప్పిన్రు. ఏం తిన్నా కక్కుకుంటాంది. గా కాయలు నూరిన తొక్కుతోనే జర జొన్న గట్క తిన్నది."

కలుపు తీస్తున్న భీమయ్య భార్య లక్ష్మీనర్సమ్మ లేచి వచ్చింది. చెట్టు చెట్టూ వెతికింది. అన్నీ నున్నగా, నీళ్లకు ఉబ్బి ఉన్నాయి. ఒకటి కొరికి చూసింది. చప్పగా ఉంది.

"చింతపండు ఇయ్యనా, బిడ్డా?"

"అన్నీ పెట్టి చూసిన అమ్మా. ఈ చేను కాయనే అంటది."

"అయితే ఈ సాలుకు నీళ్లు బంద్ వెడ్తం. పదిహేను దినాలాగి రా."

"రేపే మంద తోలుకొని పోతున్నం. ఇక్కడ మేత లేదు."

"అవునుగని, మా చేను కాయ మీదనే ఆమెకెందుకంత పాణం?"

అతను భీమయ్య వైపు చూశాడు. తల వంచుకుని గట్టు దిగిపోయాడు.

"గొర్లకు ఉప్పు, పెండ్లానికి పులుపు. మంచి కాపురమే," భీమయ్య నవ్వాడు.

వారం తిరక్కముందే భీమయ్య చెల్లెలు సత్తమ్మ కట్టంగూర్ నుంచి వచ్చింది. అన్న బయటికి వెళ్లేదాకా ఆగి, వదిన పక్కన కూర్చుంది.

"మా ఊరి దారిల యాదలక్ష్మి కనవడ్డది వదినా."

చెప్పకుండా పోయి, వాళ్లెన్నడూ చూడని మనిషిని పెళ్లి చేసుకున్న ఆ కూతురి పేరు భీమయ్య ఇంట్లో ఎత్తనివ్వడు. లక్ష్మీనర్సమ్మ గొంతు తగ్గించింది.

"ఎట్లున్నది?"

"ఐదో నెలనట. కట్టెపుల్ల లెక్కయింది. నిలవడ్తె కండ్లు తిరుగుతున్నయ్. రెండు దినాలు మా ఇంట్ల ఉండమంటే ఉండలే."

"ఏ ఊరికి పోయిన్రు?"

"ఊరేడిది వదినా. కృష్ణ ఏటి దిక్కు అన్నరు. మేత యాడుంటే ఆడ."

లక్ష్మీనర్సమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆడబిడ్డకిచ్చింది.

"మొన్న మీ అల్లుడు చేనుకాడికి వచ్చిపోయిండట గద," అంది సత్తమ్మ, "మాట్లాడినవా?"