పన్నెండు అడుగులు

“ఇంకొక్క చలానా వస్తే తాళాలు ఇచ్చి పొమ్మన్నాడు,” అంది కాశమ్మ, సెల్‌ఫోను మొగుడు గురవయ్య చేతికిస్తూ.

మార్కాపురంలో స్కూలు వ్యాను నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. గిద్దలూరు రోడ్డు సిగ్నలు దగ్గర కెమెరా పెట్టిన నెలలోనే ఆమెకు రెండు చలానాలు వచ్చాయి. ఎర్రలైటు పడ్డాక గీత దాటిందని రెండింట్లోనూ ఉంది. పిల్లలు ఎక్కే బండికి మూడోది పడితే ఊరుకోనని స్కూలాయన తెగేసి చెప్పాడు.

గురవయ్య చలానాలోని ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. వ్యాను ముందు చక్రాలు తెల్లగీతకు జానెడు ఇవతలే ఉన్నాయి.

“నువ్వు దాటలా,” అన్నాడు. “రేపు పనికి పోను. స్టేషనుకు పోదాం.”

కాశమ్మ ఆయన మొహంలోకి చూసింది. రేషను కార్డులో తన పేరు తప్పు పడితే అడగడానికి మూడేళ్లు వెనకాడిన మనిషి.

స్టేషనులో సీఐ ఫొటో చూసి, కెమెరా రోడ్డు మీది రంగును పట్టించుకోదని చెప్పాడు. ప్లాను ప్రకారం గీత ఎక్కడుండాలో దానికి ముందే చెప్పి పెడతారట. అది దాటితే చలానా పడుతుందట.

“రెండు గీతలూ ఒకచోటే ఉండాల గదా సార్,” అన్నాడు గురవయ్య. “సిగ్నలు స్తంభం కాడి నుంచి పన్నెండు అడుగులు. టేపు పట్టి చూడండి, ఎనిమిదే ఉంటది.”

“ఏందయ్యా, ఇంజనీరువా నువ్వు?”

“కాదు సార్, కూలోణ్ణి.”

సీఐ నవ్వాడు గాని, ప్లాను తెప్పించాడు. పన్నెండు అడుగులే. నవ్వు ఆపి, కానిస్టేబులును వెంటబెట్టుకుని కూడలికి వచ్చాడు. టీ బంకు దగ్గరి జనం చుట్టూ మూగారు. కానిస్టేబులు టేపు లాగి అంకె చదివాడు. ఎనిమిది. సీఐ వంగి తానే మళ్లీ కొలిచాడు. ఎనిమిదే.

వారం తిరక్కుండా గీతను నాలుగు అడుగులు వెనక్కి జరిపారు. ఆ నెలలో అక్కడ గీతకు ఇవతలే ఆగినా జరిమానా పడ్డ రెండు వందల నలభై మంది చలానాలూ రద్దయ్యాయి. ఆటోవాళ్లు గురవయ్య మెడలో బంతిపూల దండ వేశారు. స్కూలాయన వ్యాను దగ్గరికి వచ్చి, “ఈ బండి నువ్వే నడపాలమ్మా,” అన్నాడు. బావకు ఇంత ధైర్యం ఎప్పుడొచ్చిందని పామూరు నుంచి కాశమ్మ అన్న ఫోను చేసి అడిగాడు.

ఆ సాయంత్రం పిల్లల్ని దించేశాక కాశమ్మ మొగుణ్ణి పక్క సీట్లో ఎక్కించుకుంది. సిగ్నలు దగ్గర ఎర్రలైటు పడింది. కొత్త గీతకు ఇవతల ఆపింది.

“పన్నెండు అడుగులని నీకెట్ల తెలుసయ్యా?”

గురవయ్య కొత్త గీత వైపు వేలు చూపించాడు.

“నేను రంగేసేనాడు ఆడ ఆంబోతు పండుకోనుండె, లేవలా.”