మిద్దె మీది దారి

“ఎవరో పెద్దాయన. పొద్దుటి నుంచి మెట్ల మీదే కూర్చున్నాడు,” అంది పక్క సీటు ఘిజ్లాన్.

జవాద్ కంప్యూటర్ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

“కొండ మీంచేనా? అయితే మన డిష్షులకి అద్దె కోసమే. రమ్మను.”

కొండ మీది ఆస్పత్రికీ పట్నం ఆస్పత్రికీ మధ్య లైను చూసేది ఆ గదే. కొండ మీద పెద్ద డాక్టర్లు లేరు. స్కానింగ్ ఫోటోలు ఆ లైనులో పట్నం వస్తే, ఇక్కడి డాక్టరు చూసి ఏం చెయ్యాలో చెబుతాడు.

జవాద్ ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చాడు. కుర్చీతోపాటు పొగరూ వచ్చింది.

బాస్సు అనే ఆ ముసలాయన జెల్లాబా అంగీ మీది మంచు దులుపుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోయాడు.

“విప్పక్కర్లేదులే హాజీ. ఏం కావాలి?”

“ఏమీ వద్దు బాబూ. మా మిద్దె మీద మీ సిగ్నల్ డిష్షుంది. పిల్లాడికి పెళ్లి కుదిరింది, వాడికి పైన గది వెయ్యాలి. స్తంభాలకని ఎప్పుడో నిలబెట్టిన చువ్వలు తుప్పు పట్టిపోతున్నాయి. ఆ డిష్షుతో ఇంకా అవసరముందా? ఉందంటే చెప్పు, కట్టను.”

“మరి కొత్త జంట ఎక్కడుంటారు?” ఘిజ్లాన్ నవ్వింది.

“గొర్రెల కొట్టం ఉందిగా తల్లీ. వాడికి చెప్పే వచ్చాను.”

జవాద్ రూటర్లో నడుస్తున్న దారుల పట్టీ తెరిచాడు. కొండ ఆస్పత్రికి ఒకటే దారి, కేబుల్.

“నీ మిద్దె దారి ఇందులో లేనే లేదు. పీకి పారెయ్.”

“ఇంకొక్కసారి చూడు బాబూ.”

“లేనిదాన్ని ఎక్కడ చూడమంటావ్?”

“మనం రూటర్లో చేత్తో రాసిపెట్టిన రూట్లు వేరే ఉంటాయిగా, అవి కూడా చూస్తే...” ఘిజ్లాన్ నసిగింది.

“ఆ పాత చెత్తంతా ఎవడు చూస్తాడు?”

ముసలాయన లేచాడు. “నిన్ను కన్నవాళ్లని దేవుడు చల్లగా చూడాలి,” అని దీవించి వెళ్లాడు.

మళ్లీ వారం డిష్షు మెట్ల మీదికొచ్చింది. శుభ్రంగా తుడిచి, ఉన్ని దుప్పట్లో చుట్టి ఉంది. పారెయ్యడానికి మనసొప్పలేదన్నాడట.

“దుప్పటి బాగుంది,” అని జవాద్ దాన్ని బల్ల కిందికి నెట్టాడు.

మంచు కరిగింది. రోడ్డు పనుల యంత్రం కేబుల్‌ని తెంపేసింది. కొండ మీది సెల్‌ఫోన్లదీ అదే కేబుల్. కొండ మొత్తం మూగబోయింది.

అప్పుడు జవాద్ తెర మీద ఎన్నడూ చూడని వరస ఒకటి ప్రత్యక్షమైంది. కొండ ఆస్పత్రికి రెండో దారి, బాస్సు మిద్దె మీదుగా.

కేబుల్ బతికున్నంతకాలం ఆ దారి పట్టీలో కనిపించదు. కేబుల్ పోతే బయటికి రమ్మని ఎవరో రూటర్లో చేత్తో రాసిపెట్టారు. చెప్పినట్టే అది బయటికొచ్చింది.

దారి చివర ఉండాల్సిన డిష్షు మాత్రం జవాద్ మోకాలికి తగులుతోంది.

ఆ పూట గాడిద మీంచి పడి ఒక ఇల్లాలి తలకి దెబ్బ తగిలింది. ఫోటో పట్నం చేరలేదు, డాక్టరు మాట కొండ చేరలేదు. ఇక ఆగలేక ఆమెని ఆంబులెన్స్ ఎక్కించారు. సగం మలుపుల్లోనే ఆమె ఊపిరి ఆగి, బండి వెనక్కి తిరిగిందని కొండ దిగినవాళ్ల వల్ల సాయంత్రానికి తెలిసింది.

జవాద్ తనకంటే ముందు ఆ కుర్చీలో పనిచేసి రిటైరైన ఇద్రీస్‌కి ఫోన్ చేశాడు. అప్పుడు కూడా తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

“ఆ ముసలాడు డిష్షు పీకేశాడండీ! అద్దె తింటూ...”

“అద్దేంటయ్యా? ఒక్క దిర్హమ్ ముట్టలేదాయన. మేం అడగనైనా లేదు. తనే వచ్చి, మిద్దె ఇస్తాను, రెండో దారి వెయ్యండని మా కాళ్లావేళ్లా పడ్డాడు.”

“ఆయనకెందుకండీ అంత?”



“అంతకుముందు కేబుల్ తెగినప్పుడు, ఫోటో పట్నం చేరక చనిపోయిన పిల్ల ఆయన కూతురే.”